వేలములో గొన్న ఇల్లు – కాయక ధర్మము

అన్నము, వస్త్రము, గృహము అను మూడును మనుష్యునకు తప్పని యవసరములు. వీనిలో అన్నమును గూర్చి మన శరణులు ఎంతయో ఆలోచించిరి. దానిని ఎట్లు సంపాదింపవలెనో కాయకమనియు, ఎట్లు పంచుకొనవలెనో దాసోహమనియు మనకు మార్గము చూపిరి. గృహమును గూర్చిన ప్రశ్న మాత్రము నేటి నగరజీవనమున క్రొత్త రూపము దాల్చి మన యెదుట నిలిచియున్నది. పల్లెలో తాతలనాటి యిల్లున్న వానికి ఈ ప్రశ్న తోచదు. బ్రతుకుదెరువునకై నగరము చేరినవానికి ప్రతిమాసము అద్దె చెల్లించు దినమున ఇది తోచుచునే యుండును.

జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు ప్రాంతముల నుండి మన కుటుంబములు అనేకము ఉద్యోగములకై, పిల్లల చదువులకై హైదరాబాదు చేరినవి. ముంబాయి రహదారి వెంట పటాన్‌చెరువు, రామచంద్రాపురము, చందానగరు, మియాపురము మున్నగు చోట్ల నివసించుచున్నవి. ఒకప్పుడు ఇవి ఊరి వెలుపలి ప్రదేశములు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములు వేగముగా పెరిగినవి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయ రహదారి వెలసినది. 2017లో మియాపురము నుండి మెట్రో రైలు నడచుట ఆరంభమైనది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ సంస్థ వేలము వేసిన భూమి ఎకరమునకు 100 కోట్ల రూపాయలు దాటి పలికినది. ఆ భూమిని కొన్నవారు మనవంటివారు కారు. అయినను పొయ్యి ఒకచోట మండినను ఇల్లంతయు వేడియెక్కినట్లు, ఆ ధరల వేడి సామాన్యుని అద్దెకు తగులక మానలేదు.

మా అక్క కుమారుడు పటాన్‌చెరువులోని ఒక కర్మాగారమున యంత్రములు బాగుచేయు పనివాడు. పదునేడు సంవత్సరములలో అయిదు అద్దె యిండ్లు మారినాడు. వాని భార్య ఇంటియొద్దనే రవికలు కుట్టును. ఇరువురు పిల్లలు చందానగరులో చదువుచున్నారు. ఆ ప్రాంతము విడిచిపోయినచో పిల్లల బడియు, ఆమె కుట్టుపనియు రెండును చెడును. అక్కడ ఇల్లు కొనుటకు వాని రాబడి చాలదు. ఇట్లుండగా ఒకనాడు దినపత్రికలో బ్యాంకు వేలము ప్రకటన వాని కంటబడెను. రెండు పడకగదుల ఫ్లాటు. రిజర్వు ధర 38 లక్షలు. ఆ వీధిలోనే అటువంటి ఫ్లాట్లు 50 లక్షలకు అమ్ముడుపోవుచున్నవి.

వాడు ఆ పత్రికను చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. "మామా, నేను పెట్టేది నా కష్టార్జితమే. అయినా మనసు ఒప్పటం లేదు. ఇటువంటి ఇల్లు కొనవచ్చునా?" అని యడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆ ప్రశ్నను గూర్చి అప్పుడును, తరువాతను ఆలోచించినదానిని ఈ పత్రికా పాఠకుల ముందుంచుచున్నాను. ఏలయన ఇది మా కుటుంబమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

మొదట ఆ యిల్లు బ్యాంకు చేతికి ఎట్లు వచ్చునో తెలిసికొనవలెను. ఇంటిని తాకట్టుంచుకొని అప్పిచ్చిన బ్యాంకునకు, న్యాయస్థానము తీర్పుకై వేచియుండకయే ఆ యింటిని స్వాధీనము చేసికొని అమ్ము అధికారమును 2002 నాటి చట్టమొకటి ఇచ్చినది. దానిని వాడుకలో సర్ఫేసీ చట్టమందురు. కిస్తీ చెల్లింపు 90 దినములు దాటి నిలిచిపోయినచో ఆ ఖాతా మొండిబాకీలలో చేరును. అటుపిమ్మట బ్యాంకు 60 దినముల గడువుతో నోటీసు పంపును. అప్పు తీసికొన్నవాడు తన యాక్షేపణ వ్రాసి పంపినచో బ్యాంకు 15 దినములలో బదులు చెప్పవలెను. గడువు తీరిన పిదప ఇంటి తలుపునకు స్వాధీన ప్రకటన అంటింపబడును, పత్రికలలోను అచ్చగును. దానిపై 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలునకు చెప్పుకొనవచ్చును. అదియు ఫలింపనిచో వేలమునకు దినము నిర్ణయింతురు. మొదటి వేలమునకు 30 దినములు ముందుగా తెలియజేయవలెను. వేలము పాడినవాడు పైకమున నాలుగవ వంతును ఆనాడే, లేదా మరుసటి పనిదినమున చెల్లింపవలెను. తక్కిన మూడు వంతులను వేలము ఖాయమైన 15 దినములలో చెల్లింపవలెను. ఇల్లు ఉన్నదున్నట్లుగానే అమ్ముదురు. పాత పన్నులో, కరెంటు బాకీయో, సంఘమునకు చెల్లింపవలసిన సొమ్మో ఉన్నచో కొన్నవాని తలపై బడవచ్చును. అట్టి యిల్లు చౌకగా దొరకుటకు ఇదియొక కారణము.

ఇంతవరకు చట్టము చెప్పును. ధర్మము చెప్పునది ఇక్కడితో ముగియదు.

మా అక్క ఆ మాట వినగానే, "ఒకరు ఏడ్చి వెళ్ళిన ఇంట్లో కూర్చుని మనం లింగపూజ చేసుకుంటామా?" అనెను. వాని మిత్రుడొకడు మాత్రము, "తీసుకున్న అప్పు తీర్చలేదు, చట్టప్రకారం అమ్ముతున్నారు, నీకేం పాపం? నువ్వు కొనకపోతే ఇంకొకడు కొంటాడు" అనెను. మన యిండ్లలో ఎక్కడ ఈ ప్రసక్తి వచ్చినను ఈ రెండు మాటలే వినబడును. రెంటియందును సత్యము కలదు. రెండును సంపూర్ణములు కావు.

మా అక్క మాటలో రెండు భావములు కలిసియున్నవి. ఒకటి, ఆ యిల్లు అచ్చిరాదేమో యను భయము. ఈ భయమును మనము విడువవలసినదే. శకునములకును, మంచిచెడు దినములకును వెరచువాడు ఇష్టలింగమును ధరించి ఏమి ఫలము? గోడలకు పాపము లేదు. రెండవది, ఏడ్చినవారిని గూర్చిన జాలి. దీనిని ఎన్నటికిని విడువరాదు. దయనే ధర్మమునకు మూలముగా బసవేశ్వరుడు ఎంచెను. కాని ఆ జాలి ఏమి చేయుమని చెప్పుచున్నదో నిదానించి చూడవలెను. మనము కొనకుండినంత మాత్రమున ఆ యిల్లు పాత యజమానునికి తిరిగి రాదు. కొనువారు తక్కువైనకొలది వేలపు ధర తగ్గును. ధర అప్పునకు చాలనిచో తక్కిన బాకీ ఆ కుటుంబము మెడకే చుట్టుకొనును. కావున అందరును చేతులు ముడుచుకొని దూరముగా నిలిచినచో అది దయ యనిపించుకొనదు. ఆ కుటుంబము భారము మరింత పెరుగును.

బ్యాంకు సొమ్మును గూర్చియు ఒక మాట చెప్పవలెను. అది ఎవరిదియు కాని సొమ్మని కొందరు తలంతురు. పింఛను పుచ్చుకొన్న ముసలివాడు దాచుకొన్నది, భర్తను గోల్పోయిన స్త్రీ డిపాజిట్టు చేసినది, మావంటి ఉపాధ్యాయులు నెలనెల మిగిల్చినది, ఇవన్నియు చేరి బ్యాంకు సొమ్మైనవి. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారియై యుండెను. ఖజానా సొమ్మును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని కొండెములు చెప్పినవారుండిరి. లెక్క చూడగా సొమ్ము సరిగానే యున్నట్లు తేలినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము మనకు చెప్పును. భక్తుడైనంత మాత్రమున లెక్క తప్పరాదు. అప్పు తీర్చుట ధర్మమే. తీర్పించుకొనుట అధర్మము కాదు.

ఇక మిత్రుని మాట. "చట్టప్రకారము" అనునది చేయదగినదానికి హద్దు చూపును గాని చేయవలసినదానికి హద్దు చూపదు. మరియొకడు కొనును గనుక నాకు దోషము లేదనుటయు సరికాదు. మరియొకడు ఎట్లు కొనునో నాకు తెలియదు. నేనెట్లు కొందునో నాకు తెలియును. నాకు తెలిసినదానికే నేను బాధ్యుడను.

ఇచట ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతము మనకు దారి చూపును. కల్యాణములో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే ఆ దంపతులు దాసోహము నడిపిరి. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యెక్కువ ఎక్కడిదని యడిగి, అవసరమునకు మించినది మనకు వలదని చెప్పి, తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఎవరును వలదనలేదు. నేలరాలినవే. అయినను ఆమె కొలిచి చూచెను. మారయ్య తప్పు చేసెనని ఆమె యనలేదు. తనకు చాలినంత ఎంత యని మాత్రమే చూచెను.

వేలములో దొరకు ఇల్లును ఇట్టి నేలరాలిన గింజయే. దానిని ఏరుట తప్పు కాదు. ఎంత ఏరవలెననునదే ప్రశ్న. మా వానికి ఒక యిల్లు కావలెను. దానికి వాడు పెట్టునది పదునేడు సంవత్సరముల కాయకము. 38 లక్షలకును 50 లక్షలకును నడుమనున్న 12 లక్షలు మాత్రము వాని కాయకము కాదు. అందులో కొంత, పాత బాకీలకు, మరమ్మతులకు, 15 దినములలో పైకము సమకూర్చు ప్రయాసకు చెల్లును. తక్కినది ఒకరి పతనము వలన కలిగిన చౌకదనము. ఆ యింటిలో కాపురముండినచో ఆ చౌకదనము కుటుంబమునకు నీడగా మారును. ఆరుమాసములలో 50 లక్షలకు అమ్మివేసినచో అది లాభముగా మారును. అట్లు ఒకటి, రెండు, మూడు ఇండ్లు కొని అమ్ముట మరగినవాడు పరుల పతనమునే తన కాయకముగా చేసికొన్నవాడగును. కాయకము చేయువాడు ప్రతి ప్రాతఃకాలమున పని దొరకవలెనని కోరును. ఇతడు ప్రతి ప్రాతఃకాలమున ఎవరిదైన ఇల్లు వేలమునకు రావలెనని కోరవలసి వచ్చును. అట్టి కోరికతో లింగము నెదుట కూర్చుండుట ఎట్లు?

"ఉండటానికైతే కొను, అమ్మటానికైతే వద్దు" అని మా వానికి చెప్పితిని. "కొనుటకు ముందు ఆ ఇంటికి పోయి చూడు" అనియు చెప్పితిని. వాడు నన్నును తోడు రమ్మనెను.

ఆ తలుపున బ్యాంకు ప్రకటన అంటించియే యున్నది. లోపల కుటుంబము ఇంకను కాపురమున్నది. ఆ గృహస్థుడు పెండ్లిపత్రికలు అచ్చువేయు చిన్న ముద్రణాలయము నడిపినవాడు. 2020లో పెండ్లిండ్లు నిలిచిపోయినవి, పత్రికలును నిలిచిపోయినవి. ఎట్లో కొంత కోలుకొనుచుండగా వడ్డీ పెరిగినది. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు తన రెపో వడ్డీని 4 శాతము నుండి 6.5 శాతమునకు పెంచినది. దీని ఫలితమెట్టిదో ఒక చిన్న లెక్క చూచిన తెలియును. 40 లక్షల అప్పు 20 సంవత్సరములకు 7 శాతము వడ్డీతో తీసికొన్నచో నెలసరి కిస్తీ సుమారు 31,012 రూపాయలు. వడ్డీ 9.5 శాతమైనచో అదే అప్పునకు 37,285 రూపాయలు. కిస్తీ పెంచక పాతదే కట్టుచున్నచో, మొదటి సంవత్సరములలో ఆ 31,012 రూపాయలును ఇంచుమించు వడ్డీకే సరిపోవును, అసలు తరుగదు. మనుష్యుడు నెలనెల కట్టుచునేయుండును, అప్పు అట్లే నిలిచియుండును. ఈ లెక్కను నేను తొమ్మిదవ తరగతి బాలురచేత చేయించితిని. వారు నమ్మలేక రెండవమారు చేసిరి.

ఆయన మమ్ము కూర్చుండుడనెను. ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చెను. కొనవచ్చినవారమని తెలిసియే ఇచ్చెను. చాలసేపటికి ఆమె ఒక్క మాట యడిగెను. "మా అమ్మాయి పదో తరగతి. మార్చిలో పరీక్షలు. అప్పటిదాకా ఉండనిస్తే చాలు. ధర గురించి మేమేం అడగం" అని. లోపలి గదిలో ఆ బాలిక బిగ్గరగా పాఠము చదువుకొనుచుండెను. మేము మాటాడుచున్నంతసేపు ఆ చదువు నిలిచి యుండెను. మేము బయటకు వచ్చి బస్సు నిలుచుచోటు చేరువరకు మా వాడు పలుకలేదు.

మూడు దినముల పిమ్మట మధ్యవర్తి యొకడు వానిని వెదకికొని వచ్చెను. ఆ ఇంటికి ముగ్గురే పాడబోవుచున్నారనియు, తక్కిన ఇరువురును ఊరకుందురనియు, వారికి చెరియొక లక్ష ఇచ్చినచో ఇల్లు రిజర్వు ధరకే దక్కుననియు చెప్పెను. "ఇందులో ఎవరికి నష్టం? బ్యాంకుకు తన బాకీ వస్తుంది" అని వాని వాదము. మా వాడు నాకు ఫోను చేసెను. వాని గొంతులో ఆశ వినబడినది. దానిని నేను తప్పుపట్టను. రెండు మూడు లక్షలు మిగులుట వాని వంటివానికి చిన్న మాట కాదు.

ఎవరికి నష్టమో ఆ చట్టమే చెప్పుచున్నది. వేలపు సొమ్ములో బ్యాంకు బాకీయు, ఖర్చులును పోగా మిగిలినది దానికి హక్కుగలవారికి చెందవలెను; వేరెవరి హక్కును లేనిచో అది ఇంటి యజమానునిదే. ఆ యింటిపై బాకీ వడ్డీతోను ఖర్చులతోను కలిపి 37 లక్షలకు చేరువగా నుండెను. 38 లక్షలకు పోయినచో ఆ కుటుంబమునకు మిగులునది లక్ష. ధర పైకి పోయినకొలది ప్రతి రూపాయియు వారిదే. కావున వేలమును కుమ్మక్కుతో అణచివేయుట బ్యాంకును మోసగించుట కాదు. వీధిని పడుచున్నవాని చేతిసంచిని లాగుకొనుట. తక్కిన దోషములన్నిటికంటె ఇది ఎక్కువ దోషమని నా యభిప్రాయము. ఏలయన చౌకగా దొరకుట వేరు, చౌకగా దొరకునట్లు చేయుట వేరు. మారయ్య రాలిన గింజలను ఏరెను. గోనెకు చిల్లు పెట్టలేదు.

మా వాడు ఆ మధ్యవర్తిని పంపివేసెను. తన రాబడిలో మూడవ వంతుకు మించి కిస్తీ కట్టరాదని భార్యాభర్తలు కూర్చుండి లెక్కగట్టుకొని, 43 లక్షలు తమ హద్దుగా పెట్టుకొనిరి. వేలము కంప్యూటరుపై జరిగినది. ఇల్లు 41 లక్షల 50 వేలకు వానికి దక్కినది. నాలుగవ వంతు 10 లక్షల 37 వేల 500 రూపాయలు వాని పొదుపును, భార్య బంగారమును కలిసి చెల్లించినవి. తక్కినదానికి అప్పు ముందుగానే కుదుర్చుకొని యుండెను. బాకీ పోగా నాలుగున్నర లక్షల చిల్లర ఆ ముద్రణాలయపు గృహస్థునికి చేరెను. అది కొంపను నిలుపలేదు. వేరొక చోట అడ్వాన్సు కట్టి, పని మొదలు పెట్టుకొనుటకు పనికివచ్చినది.

పరీక్షల మాట మిగిలినది. "వాళ్ళు మార్చి తరువాత కూడ కదలకపోతే ఏం చేస్తావు?" అని మిత్రుడు హెచ్చరించెను. ఆ హెచ్చరిక అవివేకము కాదు. ఏప్రిలు మొదటి వారమున ఖాళీ చేయుదుమని ఆ దంపతులు వ్రాసియిచ్చిరి. బ్యాంకు అధికారియు అంతవరకు ఆగుటకు అంగీకరించెను. మా వాడు మూడు మాసములు ఇక్కడ అద్దెయు, అక్కడ కిస్తీయు రెండును కట్టెను. "దాసోహమంటే అన్నం పెట్టటమనుకున్నాను, అద్దె కట్టటం కూడానా?" అని వాని భార్య నన్నడిగెను. నేను నవ్వితిని గాని ఆమె నవ్వలేదు. ఆ మూడు మాసములు ఆమె రాత్రులందును మిషను కుట్టినది. కాని వారు ఖాళీ చేసిన దినమున జొన్నరొట్టెలు, కూర మూటగట్టి తీసికొనిపోయి ఆ బాలిక చేతికిచ్చినది ఆమెయే. మా వానికి ఆ తలంపు రాలేదు.

ఇది గొప్ప త్యాగమని నేను చెప్పుటలేదు. 50 లక్షల యిల్లు 41 లక్షల 50 వేలకు వచ్చినది. మూడు మాసముల అద్దె అందులో ఎంత? కొన్నవాడు నష్టపోలేదు. అయినను ఆ మూడు మాసములు లేనిచో ఆ చౌకదనము వాని కంఠమున దిగెడిది కాదని నేనెరుగుదును.

ఇల్లు కొన్న పిదప వేరొక ప్రశ్న మొదలగును. నగరమున మనము కొనునది గోడలను మాత్రమే కాదు. ఒక వాడను కొనుచున్నాము. దగ్గర బడి, రైలు, వైద్యశాల, మంచినీరు, ఇవన్నియు చేరి ఆ ధరయైనది. వాటిని నడుపువారిలో ఎందరికి ఆ వాడలో నివసించు శక్తి కలదు? మెట్లు తుడుచు స్త్రీ రెండు బస్సులు మారి వచ్చును. కావలివాడు మెట్ల క్రింది గదిలో వండుకొనును. మడివాళ మాచయ్య చాకలి. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. వీరందరును బసవేశ్వరునితో కలిసి కూర్చున్న ఊరు కల్యాణము. అట్టి ఊరిని కీర్తించు మనము, మన ఫ్లాట్ల సంఘములో సభ్యులమైన వెంటనే ఫలానా కులమువారికి, ఫలానా ఆహారము తినువారికి అద్దెకీయరాదని తీర్మానములకు చేతులెత్తుచున్నాము. పనిమనిషికి వేరు లిఫ్టు చూపుచున్నాము. మన శాకాహార నియమము మన పళ్ళెమునకు సంబంధించినది. పొరుగువాని తలుపునకు కాదు. వేలములో చౌకగా కొని ఆ వాడలో ప్రవేశించినవాడే వెనుక తలుపు మూయుట మరింత వింత.

స్థావరమునకంటె జంగమమునకు మన మతము పెద్దపీట వేసినది. దీని యర్థము ఇల్లు కట్టుకొనరాదని కాదు. ఇంటికొరకు మనుష్యుడు గాని, మనుష్యునికొరకు ఇల్లు కాదనుకొను భ్రమ కూడదని. రాబడికి మించిన వాడలో రాబడికి మించిన ఇల్లు కొని, బంధువుల యెదుట తలయెత్తుకొనుటకై నిద్రమానువాడు తన జంగమమును స్థావరమునకు బలియిచ్చుచున్నాడు. ఈనాడు వేలములో కొన్నవాని తలుపుననే అయిదేండ్లకు మరియొక ప్రకటన అంటింపబడవచ్చును. కావున కొనువాడు ఎదుటివాని కథను తన కథగా చదువుకొనవలెను.

కడపట మన మఠములకును, సంఘములకును ఒక విన్నపము. ఆ ముద్రణాలయపు గృహస్థుడు మాటల సందర్భమున నాతో ఒక సంగతి చెప్పెను. పత్రికలో పేరు అచ్చగు వరకు తన అన్నకు సైతము ఈ బాకీ సంగతి చెప్పలేదట. ఎందుకని యడుగగా, "ఎట్లా చెప్పను సార్?" అనెను. ఇట్టివారు మనలో లేరని ఎవరును అనుకొనరాదు. 2016లో చట్టమును సవరించిన పిదప, బహిరంగ వేలము ప్రకటన వెలువడుటకు ముందే బాకీ యంతయు చెల్లించి ఇంటిని విడిపించుకొనవలెను. ప్రకటన వెలువడిన పిదప ఆ హక్కు నిలువదు. 2023లో అత్యున్నత న్యాయస్థానము దీనిని స్పష్టము చేసినది. అనగా తోడ్పడవలసిన కాలము తలుపున కాగితము అంటిన పిమ్మట కాదు. మొదటి కిస్తీ తప్పిన మాసమున. లేదా 60 దినముల నోటీసు వచ్చిన వారమున.

తుమకూరు సిద్ధగంగా మఠము వేలకొలది విద్యార్థులకు ఉచితముగా అన్నమును వసతియు ఇచ్చుచున్నది. పరుల బిడ్డలకు నీడనిచ్చుట మన మఠములకు క్రొత్త విద్య కాదు. దాసోహ నిధిలో ఒక భాగమును, రెండు మూడు కిస్తీలు తప్పిన కుటుంబములకు వడ్డీలేని చేబదులుగా కేటాయింపరాదా? మన సంఘములలోని న్యాయవాదులు, బ్యాంకు ఉద్యోగులు మాసమునకు ఒక సాయంకాలము కూర్చుండి, నోటీసు చేతబట్టుకొని వచ్చినవానికి గడువులు, హక్కులు వివరింపరాదా? అన్నింటికంటె ముఖ్యముగా, వచ్చినవాని పేరు బయట పొక్కనీయని పెద్ద యొకరు ప్రతి ఊరను ఉండరాదా? సొమ్ముకంటె ముందు కావలసినది సిగ్గుపడక చెప్పుకొనుటకు ఒక చోటు. పూజకు వచ్చినవానిని క్షేమమడుగునపుడు, "ఇల్లెట్లున్నది?" అని కూడ నిదానముగా అడిగినచో చాలును, కొందరు చెప్పుదురు.

మా మేనల్లుడు ఇప్పుడా యింటిలో నున్నాడు. గృహప్రవేశమునకు పిలిచినపుడు నేను పోయితిని. ఆ బాలిక చదువుకొన్న గదిలోనే మా వాని కూతురి పుస్తకములు పేర్చియున్నవి. "మామా, మనం చేసింది సరేనా?" అని వాడు మరల నన్నడిగెను. సరేయని చెప్పితిని. ఉండుటకే కొనుము, ధరను అణచకుము, ఉన్నవారికి వ్యవధి నిమ్ము, వెనుక తలుపు మూయకుము. ఈ నాలుగును పాటించినవాడు వేలములో ఇల్లు కొనవచ్చునని నా నిశ్చయము. కాని వాడు ఆ ప్రశ్నను మరల అడిగినందులకే నాకు ఎక్కువ తృప్తి కలిగినది. ఆ యింటిలో ఉన్నంతకాలము అప్పుడప్పుడు ఆ ప్రశ్న వానికి తోచుచుండవలెను. లక్కమ్మ ఆనాడు భర్తచేత బియ్యమును తిరిగి పోయించినది. మనచేత కనీసము కొలిపించుకొనగలిగినచో ఆమె కథను చదివినందుకు ఫలము దక్కినట్లే.

శరణు శరణార్థి.